ఆమె మంట వేరే చోట

బిడ్డా,

నీ గేమ్ కథ రెండుసార్లు చదివాను. రెండోసారి ప్రింట్ తీయించుకుని, పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాను. పాకాల అడవిలో ఒంటరిగా బతికే నీ మంత్రగత్తె నాకు మొదటి పేజీలోనే నచ్చింది. పేరు అడిగితే చెప్పదు, ఎవరేం పెట్టినా వాసన చూడకుండా నోట్లో పెట్టుకోదు, ప్లేయర్ ఎంత బతిమాలినా గుడిసె గడప దాటనివ్వదు. ఇరవై రెండేళ్ల వయసులో ఇట్లాంటి మనిషిని రాయడం అందరికీ చేతకాదు, ఆ వయసులో మనకు అందరూ మెచ్చుకునే పాత్రలనే రాయాలనిపిస్తుంది కాబట్టి.

ఎనిమిదో సీన్‌లో ఆమెకు కూతురు పుట్టింది. తొమ్మిదో సీన్ నుంచి ఆమె నాకు కనపడలేదు.

ఆమె స్థానంలో ఇంకెవరో ఉన్నారు. ఉయ్యాల ఊపుతూ జోలపాట పాడుతున్న ఒక తల్లి, కళ్లనిండా నీళ్లు, ప్లేయర్‌కి దండం పెట్టి "మీరే నాకు దిక్కు" అనే తల్లి. ఈ తల్లిని నువ్వు పాకాల అడవి నుంచి తేలేదు బిడ్డా, సినిమాల నుంచి తెచ్చావు. ఇన్నాళ్లూ విషం వాసన చూసి తిన్న మనిషి, కాన్పు కాగానే ఊళ్లో వాళ్లందరినీ నమ్మేసింది. ఎందుకు నమ్మింది అని నిన్ను అడిగితే "తల్లయింది కదా పెద్దమ్మా" అంటావు. ఆ జవాబు గురించే ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను గేమ్‌లు ఆడేదాన్ని కాదు. కానీ మా చిన్నోడు హన్మకొండ ఇంట్లో రాత్రుళ్లు ఆడుతుంటే పక్కన కూర్చుని చూసేదాన్ని, చూడగా చూడగా నాకూ ఇష్టమైంది. అట్లా నాకు పరిచయమైన మనిషి మోరిగన్ అనే మంత్రగత్తె. 2009లో బయోవేర్ వాళ్లు తెచ్చిన డ్రాగన్ ఏజ్: ఆరిజిన్స్‌లో ఉంటుంది, ఆమె పాత్ర రాసినాయన డేవిడ్ గైడర్, గొంతు క్లాడియా బ్లాక్‌ది. నువ్వు ఆ గేమ్ ఆడలేదని చెప్పావు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే నీ మంత్రగత్తె సమస్య ఆమె సమస్యే.

మోరిగన్ కొర్కారి వైల్డ్స్ అనే అడవిలో పెరిగింది. పెంచింది ఫ్లెమెత్, కథలు కథలుగా జనం చెప్పుకునే మంత్రగత్తె. చిన్నప్పుడు మోరిగన్ ఒకసారి అడవి అంచు దాటి వెళ్లి, బండి దగ్గర ఒక గొప్పింటి ఆమె చేతిలో బంగారు అద్దం చూసింది. ఆశపడింది. దొంగిలించి ఇంటికి తెచ్చింది. తల్లి కోపంతో దాన్ని నేలకేసి కొట్టి ముక్కలు చేసింది. అందం, ఆశ, ఇష్టం, ఇవన్నీ నిన్ను చంపేవే, బతకాలంటే బలం ఒక్కటే కావాలని ఆ పిల్లకు నేర్పిన పాఠం అది. ఈ సంగతి ఆమె ప్లేయర్‌కి ఎప్పుడు చెప్తుంది? మొదటి రోజు చెప్పదు. చాలా దూరం కలిసి నడిచాక చెప్తుంది, అదీ పెద్ద విషయం కాదన్నట్టు చెప్తుంది.

తర్వాత ప్లేయర్‌కి ఎక్కడో అట్లాంటి బంగారు అద్దమే దొరుకుతుంది. తెచ్చి ఇస్తే ఆమె ముందు సంతోషపడదు. బదులుగా నీకేం కావాలి అని అడుగుతుంది. ఏమీ వద్దంటే నమ్మలేకపోతుంది, ధర లేకుండా తనకెవరూ ఎన్నడూ ఏదీ ఇవ్వలేదంటుంది. మా చిన్నోడు ఆ సీన్ అయిపోయాక మౌస్ పక్కన పెట్టి కాసేపు ఊరుకున్నాడు. నేనూ ఊరుకున్నాను. ఒక్క కన్నీటి బొట్టు లేదు ఆ సీన్‌లో.

ఆ గేమ్‌లో ఇంకో చిన్న సంగతి నాకు అద్దం కన్నా ఎక్కువ నచ్చింది. రాత్రి అందరూ విడిది చేసే చోట పెద్ద మంట ఒకటి ఉంటుంది, మిగతావాళ్లంతా దాని చుట్టూ ఉంటారు. మోరిగన్ మాత్రం దూరంగా, తన చిన్న డేరా, తన మంట వేరే వేసుకుని ఉంటుంది. ఆమెతో మాట్లాడాలంటే ప్లేయర్ లేచి అంత దూరం నడిచి వెళ్లాలి. "నేను ఎవరినీ దగ్గరికి రానివ్వను" అని ఆమెతో డైలాగ్ చెప్పించాల్సిన అవసరమే లేదు, ప్లేయర్ వేళ్లకు తెలుస్తుంది ఆ దూరం. నువ్వు గేమ్ రాస్తున్నావు కదా, నవలలు రాసే నాకు లేని సౌకర్యం ఇది. వాడుకో. నీ కథలో ఆమె మనసు గురించిన పేరాలు పదకొండు ఉన్నాయి, పెన్సిల్‌తో లెక్కపెట్టాను. అందులో సగం తీసేసి, ఆమె మంట ఎంత దూరంలో ఉందో మాత్రం చూపించు.

ఇక ప్రేమ. మోరిగన్‌ని ప్రేమించే దారిలో వెళ్తే ఏమవుతుందో తెలుసా? ఆమె నిన్ను ఎంత ఇష్టపడుతుందో చూపించే అంకె ఒకటి ఉంటుంది, మైనస్ వంద నుంచి వంద దాకా. ఎవరికైనా ఊరికే సాయం చేశావంటే ఆమె లెక్క పడిపోతుంది, ఆపదలో ఉన్న ఊరిని కాపాడతానని మాటిచ్చినా మొహం ముడుచుకుంటుంది. ఆ అంకె పైకి పోయి పోయి నిజమైన ప్రేమ దగ్గరికి వచ్చేసరికి, ఆమె దగ్గరవడం మానేస్తుంది. శరీరం దగ్గర లేని భయం మనసు దగ్గర వచ్చింది ఆమెకు. ఇది బలహీనత, దీన్ని ఇక్కడే ఆపేద్దాం అంటుంది. చాలామంది రచయితలు ఇక్కడ కౌగిలింత రాస్తారు. ఇన్నేళ్లు తలుపు మూసుకుని బతికిన మనిషికి ప్రేమ మొదట వచ్చేది భయం లాగే, అందుకే ఆమె గడియ ఇంకొంచెం గట్టిగా బిగిస్తుంది. నీ మంత్రగత్తె ప్లేయర్‌ని ప్రేమించిన రోజునే అతన్ని ఎక్కువ తిట్టాలి. అట్లా రాస్తే ఆడేవాడికి కోపం వస్తుంది, రానివ్వు.

బిడ్డ సంగతికి వస్తాను. మోరిగన్ కొడుకు ప్రేమతో మొదలవలేదు. చివరి యుద్ధానికి ముందు రాత్రి ఆమె వచ్చి ఒక బేరం పెడుతుంది. ఆర్చ్‌డీమన్ అనే మహా డ్రాగన్‌ని చంపే వార్డెన్ (ప్లేయర్ కూడా అట్లాంటి యోధుడే) దాంతోపాటే చచ్చిపోవాలి. ఒక తంతు చేస్తే, తనకు ఒక బిడ్డ కడుపున పడితే, ఆ పాతకాలపు దేవత ఆత్మ బిడ్డలోకి వెళ్తుంది, వార్డెన్ బతుకుతాడు. ఆ తర్వాత తను వెళ్లిపోతుంది, వెతకొద్దు. అంతే. ఒక ఆత్మ కోసం, ఒక శక్తి కోసం కన్న బిడ్డ. వినడానికి ఎంత కఠినంగా ఉందో చూడు, కానీ అంత కఠినంగా మొదలైంది కాబట్టే తర్వాత జరిగినదానికి బరువు వచ్చింది.

అదే వరుసలో 2014లో వచ్చిన ఇంక్విజిషన్ గేమ్‌లో ఆమె మళ్లీ కనిపిస్తుంది. మధ్యలో పదేళ్లు గడిచాయి. ఆర్లే దేశపు మహారాణి సెలీన్ దగ్గర మంత్రవిద్యల సలహాదారు. గౌను వేసుకుంది, మాట మాత్రం అదే మాట, కొంచెం పాతకాలపు ఇంగ్లిష్, అదే పదును, అదే ఎత్తిపొడుపు. వెంట కీరన్ అనే కొడుకు. కోట తోటలో ఆ పిల్లాడు ఎవరితోనో మాట్లాడుతుంటే వచ్చి, వాళ్లను విసిగిస్తున్నావా అని అడుగుతుంది. ఆ అడగడంలో చనువు ఉంది. అంతే, ఆ చనువు ఒక్కటే కొత్తది. ఆ పదేళ్లలో ఏం జరిగిందో, ఏ రాత్రి ఆమె మనసు మారిందో గేమ్ మనకు చూపించదు. నువ్వైతే ఆ పదేళ్లకు ఒక పాట పెట్టేదానివి.

తర్వాత ఒక రోజు ఆ పిల్లాడు మంత్రపు అద్దంలోంచి వేరే లోకంలోకి వెళ్లిపోతాడు. మోరిగన్ గొంతులో మొదటిసారి టెన్షన్ వింటాం. వెళ్లి చూస్తే అక్కడ ఫ్లెమెత్. అప్పటికి మనకు తెలిసింది ఏమిటంటే, ఫ్లెమెత్ కూతుళ్లను పెంచేదే వాళ్ల శరీరాలు తీసుకుని బతకడానికి అని మోరిగన్ ఒక పాత పుస్తకంలో చదివి, ఆ భయంతోనే ఇన్నేళ్లు పారిపోయింది. అట్లా పారిపోయిన మనిషి కొడుకు కోసం ఎదురెళ్లి నిలబడి, వాణ్ణి వదిలెయ్, నన్ను తీసుకో అంటుంది. తన తల్లి లాంటి తల్లిని తను కాబోనంటుంది. ఫ్లెమెత్ పిల్లాడిలోని ఆ పాత ఆత్మను తీసుకుంటుంది, పిల్లాణ్ణి ఇచ్చేస్తుంది. దేనికోసం ఆ బిడ్డను కన్నదో అది పోయింది. ఒట్టి కొడుకు మిగిలాడు. ఆమెకు ఆ ఒట్టి కొడుకే కావాలి.

ఇక్కడ నేను నేర్చుకున్నది నీకు చెప్పాలి. మోరిగన్ మెత్తబడలేదు. ఆ సీన్ తర్వాత కూడా ఆమె నాలుక అదే, విద్య మీద ఆకలి అదే. మారింది ఒక్కటి. తన తల్లి నుంచి తనకు వచ్చినదాన్ని కొడుకు దాకా పోనివ్వలేదు. గట్టి మనిషి ప్రేమ నాకు అక్కడే కనిపించింది.

ఇది నాకు గేమ్ చూడకముందే తెలిసి ఉండాల్సింది, మా ఊళ్లోనే చూశాను కాబట్టి. మాది కోరుట్ల పక్క. మా ఇంటి వెనక బీడీలు చేసే ఒకామె ఉండేది. భర్త దుబాయ్ పోయాడు, ఉత్తరం ఎప్పుడో ఒకటి వచ్చేది. పొద్దున లేచి తునికాకు నానబెట్టి, కత్తిరించి, చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే వెయ్యి బీడీలు అయ్యేదాకా తల ఎత్తేది కాదు. ఎవరైనా పలకరిస్తే ఒక్క మాటతో సరి. కూతురిని ముద్దుచేయగా నేను చూడలేదు. ఆ పిల్ల నా కన్నా రెండేళ్లు చిన్న. బడి అయిపోయాక చాట దగ్గరికి వచ్చి, సరదాకి ఒక ఆకు తీసుకుని చుట్టబోయేది. ఆమె చటుక్కున చెయ్యి మీద కొట్టేది. "పో, పుస్తకం పట్టు" అనేది. దెబ్బ గట్టిగా తగిలేది, పిల్ల ఏడ్చేది, మా అమ్మ కూడా "ఏమాయె, నేర్చుకుంటే నీకు చేతికి ఆసరా అయితది కదా" అని అడిగింది ఒకసారి. ఆమె జవాబు చెప్పలేదు. రాత్రి పడుకునే ముందు కత్తెర మాత్రం అటక మీద పెట్టేది, పిల్ల చేతికి అందకుండా.

చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, ఆమెను ఎనిమిదేళ్లప్పుడే వాళ్లమ్మ చాట ముందు కూర్చోబెట్టిందని.

నాకు ఇప్పుడు ఆ అటక మీది కత్తెరా, ముక్కలైన ఆ బంగారు అద్దమూ పక్కపక్కన కనిపిస్తాయి. అద్దం తల్లి చేసిన గాయం, కత్తెర అట్లాంటి గాయం తర్వాతి తరానికి పోకుండా తల్లి పడ్డ పాటు. నీ కథలో రెండూ లేవు. నీ మంత్రగత్తె ఎందుకట్లా తలుపులు మూసుకుందో నువ్వు రాయలేదు. "మనుషులంటే అసహ్యం" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఆమె తల్లి ఎవరు? ఆమెకు చిన్నప్పుడు ఏం విరిగింది? ఆ వస్తువు పేరు నాకు చెప్పు, అప్పుడు కూతురు పుట్టాక ఆమె ఏం దాస్తుందో నీకు దానంతట అదే దొరుకుతుంది.

ఇంకో మాట, ఇది నా అనుభవం. నాకు పెద్దోడు పుట్టినప్పుడు నేను మెత్తబడ్డానని ఎవరూ అనలేదు. అంతకుముందు అత్తవారింట్లో ఎవరితోనూ గట్టిగా మాట్లాడని నేను, బాలింతగా ఉండగా, చేతులు కడుక్కోకుండా పిల్లాణ్ణి ఎత్తుకున్నందుకు మా ఆడబిడ్డ మీద అరిచాను. రాత్రి నిద్ర లేచి వాడి ఊపిరి లెక్కపెట్టేదాన్ని. గుమ్మంలో ఎవరి చెప్పుల చప్పుడైనా ఒళ్లు బిగుసుకునేది. పోగొట్టుకోవడానికి ఏదీ లేనప్పుడు మనిషి ఉదారంగా ఉండగలదు, ఉన్నప్పుడే అనుమానం ఎక్కువవుతుంది. అందుకే నీ గేమ్‌లో ఒక మార్పు చేసి చూడు. బిడ్డ పుట్టిన సీన్‌లో నమ్మకం అంకె ఇరవై నుంచి తొంభైకి ఎగిరింది కదా, దాన్ని కిందికి దించు. పదికి దించు. అప్పటిదాకా ప్లేయర్‌తో మాట్లాడిన నాలుగు చాయిస్‌లలో రెండు మాయం చెయ్. ఆమె మంట ఇంకొంచెం దూరం జరపు. ప్లేయర్ "నేనేం తప్పు చేశాను" అని తల పట్టుకుంటాడు, ఆమె గుడిసె వెనక్కి వెళ్లి చూస్తేనే ఉయ్యాల కనపడాలి. అప్పుడు వాడికి అర్థమవుతుంది, మనం చెప్పాల్సిన పని లేకుండా.

తర్వాత, చాలా తర్వాత, ఒక్కసారి, ఆమె మూలికల కోసం పోవాల్సి వచ్చి, బిడ్డను ఒక పూట ప్లేయర్ చేతిలో పెట్టాలి. "చూస్కో" అనే ఒక్క మాటే. ప్లేయర్‌కి అప్పగించే ఆ ఒక్క పని, ఆ ఒక్క క్వెస్ట్, నీ తొమ్మిదో సీన్ మొత్తానికి సమానం. ఆ పూట అడవిలో పెద్ద గొడవలేమీ పెట్టకు. పులి రానవసరం లేదు. పిల్ల ఏడుస్తుంది, ప్లేయర్‌కి ఏం చెయ్యాలో తెలియదు, అంతే చాలు.

భాష గురించి కూడా. మొదటి ఎనిమిది సీన్లలో ఆమె "ఎవల్రా నువ్వు, ఏంటికొచ్చినవ్" అంటుంది, ఎంత బాగుంది! తొమ్మిదో సీన్ నుంచి "నా బంగారు తల్లీ, నీవే నా ప్రాణం" అని పుస్తకం తెలుగు మొదలైంది. ప్రేమ వస్తే మనుషుల యాస మారుతుందా? మన ఓరుగల్లు తల్లులు ప్రాణం అన్న మాట వాడరు. "తిన్నవా" అంటారు. "చెప్పుల్లేకుంట తిరుగకు" అంటారు. ఎక్కువ ప్రేమ వస్తే "సావగొట్టకు నన్ను" అంటారు. ఆమెను అట్లాగే మాట్లాడనివ్వు.

నువ్వు ఫోన్‌లో అన్నావు, "కత్తి పట్టుకున్న తల్లిని జనం ఒప్పుకోరేమో" అని. మేడారం పోయి వచ్చిన పిల్లవే కదా నువ్వు! కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది, మరునాడు చిలకలగుట్ట నుంచి సమ్మక్క వస్తుంది, ముందు కూతురు, తర్వాత తల్లి, ఇద్దరూ యుద్ధం చేసినవాళ్లే. మనం చెప్పుకునే కథలో సమ్మక్క కొడుకు జంపన్న వాగులో కలిసిపోయాడు, కూతురు పోరులో పడిపోయింది, ఆ తల్లి ఒక్క ఏడుపు పాట లేకుండా గుట్టవైపు నడిచిపోయింది, వెతికితే కుంకుమ భరిణె దొరికింది. రెండేళ్లకోసారి ఎంత జనం వెళ్తారో, నిలువెత్తు బెల్లాన్ని బంగారమని ఎట్లా ఇచ్చుకుంటారో నీకు తెలుసు. ఆ జనంలో ఎవరూ ఆమెను మెత్తగా ఉందా అని అడగరు. అమ్మా అనే పిలుస్తారు.

ఒక దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండు. బిడ్డ పుడితేనే ఆడమనిషి పూర్తవుతుంది అనే అర్థం నీ కథలో రాకూడదు. నీ పన్నెండో సీన్‌లో ఒక ముసలామె ఆ మాట అంటుంది, కథ కూడా ఆమెతో ఒప్పుకున్నట్టు ఉంది. డ్రాగన్ ఏజ్‌లో ఒకటి బాగా చేశారు, కీరన్ అందరి గేమ్‌లోనూ ఉండడు. ప్లేయర్ మొదటి గేమ్‌లో తీసుకున్న నిర్ణయాలను బట్టి ఉంటాడు, లేకపోతే లేడు. లేని చోట కూడా మోరిగన్ వస్తుంది, పూర్తి మనిషిగానే వస్తుంది, తన విద్యతో, తన ఆకలితో. నీ గేమ్‌లోనూ ప్లేయర్ చాయిస్ బట్టి బిడ్డ లేని దారి ఒకటి ఉంచు, ఆ దారిలో ఆమెను శిక్షించకు, ఎండిపోయిన చెట్టులా చూపించకు. ఆ దారి కూడా ఇంతే ఇష్టంగా రాయి. ఇది నేను సలహాగా చెప్పడం లేదు, అడుగుతున్నాను.

ఇంకా చిన్నచిన్నవి ప్రింట్ మీద రాశాను, కాజీపేట వచ్చినప్పుడు ఇస్తాను. పదమూడో సీన్ బాగుంది, ముట్టుకోకు. డ్రాగన్ లాంటిదాన్ని చెరువులోంచి లేపడం తొందరపాటు, అది తర్వాత మాట్లాడుకుందాం.

తొమ్మిదో సీన్ మళ్లీ రాసి పంపు. రాసే ముందు ఆమె తల్లి గురించి ఒక పేజీ రాయి, గేమ్‌లో పెట్టడానికి కాదు, నీకోసం. బతుకమ్మ సెలవులకు ఇంటికి వస్తావు కదా, ఒక పూట మా ఇంటికి రా. మా చిన్నోడి పాత కంప్యూటర్ ఇంకా నడుస్తోంది. బంగారు అద్దం ఇచ్చే ముందు దగ్గర వాడు సేవ్ చేసి పెట్టాడు, దాన్ని నువ్వే ఇద్దువుగాని.

ప్రేమతో,
నీ పెద్దమ్మ
హన్మకొండ